పూచీ ద్వారం

మందాకిని, షారోను ఫలకం మీద అరచేతులు ఆనించారో లేదో పచ్చదీపం వెలిగింది. ద్వారం తెరుచుకుంది. ఇద్దరూ పెట్టెలు లాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయారు. షారోను ఏదో అంది కాబోలు, మందాకిని భుజాలు కదిలేలా నవ్వింది. వెనక వరసలో నిలబడి హైమవతి ఇదంతా కళ్ళార్పకుండా చూస్తోంది. నిన్నగాక మొన్న చేరిన పిల్లతో అంత నవ్వులేమిటో ఆమెకు అర్థం కాలేదు.

"మన వంతండీ, రండి," అన్నాడు పక్కనున్న భాస్కరరావు. వాళ్ళకూ దీపం వెంటనే వెలిగింది. హైమవతి దాన్ని పట్టించుకోలేదు. రోజూ అతని పక్కన నిలబడుతుందే గానీ, అతని ఇంటిపేరేమిటో కూడా ఆమెకు తెలియదు.

భోగాపురం విమానాశ్రయంలో విమాన సిబ్బందిని సోదా చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఏ యంత్రానికీ చిక్కని ఆయుధాలు తయారు చేయడం జనం నేర్చేశాక, వస్తువులను వెతకడం కన్నా మనుషులను చదవడమే నయమని పెద్దలు తేల్చారు. అలా వచ్చింది పూచీ ద్వారం. సిబ్బంది ఇద్దరిద్దరుగా వచ్చి పూచీఫలకం మీద చేతులు ఉంచాలి. పక్కపక్కన ఉన్నప్పుడు వాళ్ళ నాడి, ఊపిరి, చెమట ఎంత నిలకడగా ఉన్నాయో అది చూస్తుంది. మనసులో చెడు ఉన్నవాడు తోటి మనిషి పక్కన నిబ్బరంగా నిలబడలేడన్నది దాని సూత్రం. నిలకడ ఉంటే ఒకరికొకరు పూచీ పడ్డట్టే. లేకపోతే ఇద్దరూ ప్రయాణికుల వరసలోకి వెళ్ళి, బూట్లు విప్పి, సోదా చేయించుకోవాలి.

శిక్షణ రోజుల నుంచీ మందాకినికి హైమవతే జంట. డ్యూటీలు మార్చినప్పుడు ఇద్దరినీ విడదీశారు. అందులో మందాకిని తప్పేమీ లేదని హైమవతికి తెలుసు. తెలిసినా ఒళ్ళు మండుతూనే ఉంది. అన్నేళ్ళలో తమకు దీపం ఎప్పుడైనా అంత చటుక్కున వెలిగిందా అని గుర్తు చేసుకుని చూసింది. లేదు, ఎప్పుడూ కాసేపు తటపటాయించే వెలిగేది. అంటే తనకన్నా ఆ పిల్లే ఎక్కువైపోయిందన్నమాట.

షారోను సెలవు పెట్టిన రోజున ఇద్దరికీ మళ్ళీ జత కుదిరింది. ఇవాళ దీపం వెంటనే వెలగాలి, అందరూ చూడాలి అనుకుంటూ హైమవతి చెయ్యి ఆనించింది. మందాకిని పక్కనే చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఎదురు చూశారు. దీపం ఎర్రగానే ఉండిపోయింది. గంట మోగింది.

"ఆ వరసలోకి వెళ్ళండమ్మా," అంది కాపలా అమ్మాయి, వాళ్ళ మొహాలు చూడకుండా.

యూనిఫారంలో ఉన్న ఇద్దరిని వరసలో చూసి ప్రయాణికులు గుసగుసలు మొదలుపెట్టారు. సోదా చేసే ఆవిడ బూట్లు విప్పించి, ముడిలోని పిన్నులన్నీ తీయించింది. హైమవతికి తల కొట్టేసినట్టయింది.

"ఏటయిందే నీకు? చెయ్యి మంచుముద్దలాగుంది," అంది మందాకిని.

"నాదేనా? షారోనుతో అయితే చిటికెలో తెరుచుకుంటుంది కదా నీకు."

మందాకిని ఆమెను తేరిపార చూసింది. "ఏటే, ఆ పిల్లని చూసి కుళ్ళుకుంటున్నావా?"

"అవును, కుళ్ళుకుంటున్నాను. నువ్వు దాంతో నవ్వుతుంటే చూళ్ళేకపోతున్నాను."

మందాకిని హైమవతిని భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని, శిక్షణ రోజుల్లోలాగా ఆమె జుట్టు ముడి చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పిన్నూ గుచ్చుతూ మాట్లాడింది.

"ఆ పిల్ల నాకేటవుతాదే? మంచిదే, కాదనను. రేపు దాన్ని ఇంకో ఊరు పంపేస్తే ఎల్లుండికి మర్చిపోతాను. దాని పక్కన నాకు దడెందుకు? నీ పక్కనైతే అలాక్కాదు. పొద్దున్న నీ మొహం చూడగానే ఏదో అయిందని గుండె కొట్టుకుంది. ఈ ఫలకానికి నమ్మకమంటే తెలీదే. ఎవరికెవరు పట్టరో, అదొక్కటే దానికి తెలుసు."

ఆ ఇద్దరినీ ఇక జతపరచవద్దని భద్రతా కార్యాలయం ఆదేశం ఇచ్చింది. హైమవతి చిన్నబుచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. ఆ తర్వాత మందాకినికీ షారోనుకూ దీపం టక్కున వెలిగిన ప్రతిసారీ, అక్కా అక్కా అని తిరిగే ఆ పిల్లను చూసి జాలిపడింది. ఫలకం గురించి మందాకిని అన్న మాట ఆనోటా ఈనోటా సిబ్బందికంతా పాకింది. ప్రాణస్నేహితులు పక్కపక్కన నిలబడటం మానుకున్నారు. పైలట్లయిన మొగుడూ పెళ్ళాలు కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళతో జత కావాలని అడిగి వేయించుకున్నారు. ద్వారం దగ్గర ఆలస్యాలు తగ్గాయని అధికారులు సంబరపడ్డారు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం హైమవతి ఎప్పటిలాగే భాస్కరరావుతో ద్వారం దాటింది. వెనకనే గంట మోగింది. అది జంటను ఆపినప్పుడు మోగే గంట. తిరిగి చూస్తే, ఎర్రదీపం ముందు మందాకిని, షారోను నిలబడి ఉన్నారు.

అద్దం గోడకు అవతల ఇద్దరూ ప్రయాణికుల వరసలోకి నడిచారు. షారోను కళ్ళు తుడుచుకుంటోంది. మందాకిని వంగి ఏదో అడిగింది. ఆ పిల్ల చెప్పలేక తల అడ్డంగా ఊపింది. మందాకిని మొహంలో కంగారు హైమవతికి అంత దూరం నుంచీ స్పష్టంగా కనబడింది. ఒకప్పుడు తన కోసం పడ్డ కంగారే అది. పచ్చదీపాన్ని చూసి ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఎర్రదీపాన్ని చూసి అంతకన్నా ఎక్కువగా ఏడ్చుకుంది. వెనక్కి వెళదామంటే ఆ ద్వారం లోపలికే తప్ప బయటికి తెరుచుకోదు.

సోదా పూర్తయింది. మందాకిని ఆ పిల్లను భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుంది.

"పదండి, టైమైపోతోంది," అన్నాడు భాస్కరరావు.

హైమవతి చెయ్యి తన ముడి మీదకు వెళ్ళింది. ఒక్క పిన్నూ కదలకుండా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.