వెళ్ళొస్తా

"గివ్ అప్... పుట్ ఆఫ్... కమ్ బ్యాక్..." హెల్మెట్ లోపల ఎవరిదో గొంతు గుసగుసలాడుతోంది. కణతల మీద చీమలు పాకుతున్నట్టుంటే ఇందుమతి కుర్చీని గట్టిగా పట్టుకుంది.

ఎయిర్‌పోర్టు ఎంక్వయిరీ కౌంటర్లో ఈమధ్యే చేరిందామె. ఫ్లైట్ 'పుట్ ఆఫ్' అయిందని, అంటే వాయిదా పడిందని కబురొస్తే, విమానంలో లైట్లు ఆర్పేశారని ప్రయాణికులకు చెప్పి నవ్వులపాలైంది. ఇంకో తప్పు జరిగితే ఇంటికేనన్నాడు మేనేజర్. నాలుగేళ్ళ బిందుకు తల్లి తప్ప దిక్కు లేదు. అందుకే ఇంగ్లీషు నేర్పే ఈ ప్రయోగానికి ఒప్పుకుంది.

"'గివ్' వేరు, 'అప్' వేరు. జతకడితే అర్థమే మారిపోతుంది," అంది డాక్టర్ ప్రసూన. "బట్టీపడితే నిలవవమ్మా. మెదడులో జంట మాటలకని ఒక చోటుంది. ఈ మెషీన్ వాటిని నేరుగా అక్కడ కూర్చోబెడుతుంది."

"ఆ చోటు ఖాళీగా ఉంటుందా మేడమ్?"

డాక్టర్ నవ్వి మెషీన్ వేగం పెంచింది.

మర్నాడు పొద్దున గుమ్మంలో బిందు ఎప్పటిలాగే కొంగు పట్టుకుంది. "వెళ్ళొస్తా అను." ఆ మాట వింటేగాని వదలదు. వాళ్ళ నాన్న ఒకరోజు 'వెళ్తా' అని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు మరి.

"వెళ్..." ఇందుమతి నాలుక తడబడింది. "వెళ్తా."

"అట్లా కాదమ్మా! వెళ్ళొస్తా!"

కనీసం 'వస్తా' అందామన్నా నోటికి రాలేదు. "ఐ విల్ కమ్ బ్యాక్," అంది గడగడా. పిల్ల ముక్క అర్థంకాక బావురుమంది. ఇందుమతి పక్కింటి పిన్నిగారికి పిల్లనప్పగించి, దారిలోనే డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"మీ పాప అడిగిన మాట కూడా జంట మాటే కదమ్మా. 'కమ్ బ్యాక్' దాన్ని లేపేసి కూర్చుంది," డాక్టర్ గొంతు చల్లగా ఉంది. "మెల్లగా తిరిగిరావడమనే ఊహే పోతుంది. నాకూ పోయింది. ల్యాబులోనే ఉంటున్నా. సరే, వెళ్తా."

ఆ రోజు కౌంటర్లో ఇందుమతి ఇంగ్లీషు విని మేనేజరే చప్పట్లు కొట్టాడు. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం బస్‌స్టాపులో బోర్డులన్నీ చదవగలిగింది. ఏ బస్సు ఎటు వెళ్తుందో తెలుసు. ఇంటికి మాత్రం వెళ్ళడం కాదు, తిరిగి రావడం. అదెలాగో తెలియలేదు. ఆమె పక్కన ఇంకో నలుగురు చక్కటి ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, ఏ బస్సూ ఎక్కకుండా నిలబడి ఉన్నారు. వాళ్ళ కణతల మీదా హెల్మెట్ నొక్కిన మచ్చలే.

ఫోన్ మోగింది.

"అమ్మా, ఎప్పుడొస్తావ్?"

ఇందుమతికి ఏడుపొచ్చింది. బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది.

"ఐ విల్ కమ్ బ్యాక్," అంది, ఒక్క తప్పు లేకుండా.