శాంపిల్‌లో లేనివాడు

"వీడే తల్లీ! ఈ వెధవనే రాసుకో!"

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి గొడుగు మూసేలోపే మా నాన్న నన్ను అప్పగించేశాడు. జనంలో ఇంటర్నెట్ వ్యసనం ఎంతుందో కొలిచే సర్వే అని ఆమె ఒక్క ముక్క అన్నదో లేదో, ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. కుట్టుమిషన్లు బాగుచేయడం నా పని. ఎంత పాతకాలపు మిషను వచ్చినా దాని బొమ్మలూ, విడిభాగాలూ నెట్‌లో వెతికి పట్టుకుంటాను. మా నాన్న దృష్టిలో అది పని కాదు, రోగం. కనెక్షన్ పీకించి, నన్ను మా మేనమామ సిమెంటు కొట్లో కూర్చోబెడతానని ఆ పొద్దున్నే శపథం చేశాడు. ఇప్పుడు సాక్ష్యం తనంతట తనే నడిచి ఇంటికొచ్చింది.

"ఇన్ని ఇళ్ళుండగా మాదే దొరికిందా?" అన్నాను, స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే.

"లాటరీలో వచ్చింది. మీరు గెంటేసినా పక్కింటికి వెళ్ళకూడదు. మళ్ళీ ఇక్కడికే రావాలి."

"అయితే గెంటేస్తాను."

"రేపు వస్తాను."

నవ్వలేదు, బెదరలేదు. ఆమె గొడుగు నీళ్ళు నా స్క్రూల డబ్బాలో కారుతున్నాయి. గట్టిగా తిడదామని తలెత్తాను. ఆ కళ్ళు చూశాక ఏం తిట్టాలో మర్చిపోయాను.

"వాణ్ణి అడగడమెందుకు, నేను చెప్తాగా!" నాన్న కుర్చీ లాక్కున్నాడు. "ఎన్ని మార్కులు దాటితే రోగమో చెప్పు, అంతకి రెట్టింపు రాసుకో."

"మీరు చూపించినవాళ్ళని రాయకూడదు అంకుల్. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళలో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్ళనే అడగాలి."

"వచ్చే వారం మీదేగా!" వంటింట్లోంచి అమ్మ అరిచింది.

నాన్న మొహం మాడిపోయింది. "నాదా? నాకెందుకమ్మా! మీ ఆఫీసుకేం తెలుస్తుంది, వీణ్ణే రాసెయ్."

"రాయను. చూపించినవాళ్ళనే రాసుకుంటూ పోతే కుర్రాళ్ళందరూ రోగులని తేలుతుంది. పెద్దాళ్ళు ఎప్పటికీ లెక్కలోకే రారు. అలాంటి దొంగ లెక్క నేను తీసుకెళ్ళను."

మా ఇంట్లో నిలబడి మా నాన్నకి అలా ఎదురు చెప్పినవాళ్ళు లేరు. దాచడమెందుకు, నేను అక్కడే పడిపోయాను.

జవాబులు ఎవరూ వినకూడదట. నన్నూ అమ్మనీ వసారాలోకి పంపేసింది. లోపల నాన్న గొంతు మొదట ఖంగుమని మోగింది. తర్వాత తగ్గింది. కాసేపటికి వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఆమె బయటికి రాగానే అడిగాను. "ఎన్ని మార్కులు?"

"చెప్పను."

"మా నాన్నే కదండీ! ఆయన నాకు సిమెంటు కొట్టు శిక్ష వేశాడు. మీరొక్క ముక్క చెప్తే నా పని నాకు దక్కుతుంది."

"మీ నాన్నగారైనా, మా నాన్నగారైనా చెప్పను." గొడుగు విప్పి మెట్లు దిగింది.

కోపమొచ్చింది. కోపం కన్నా ఎక్కువగా నచ్చింది. ఇక నా పోట్లాట నేనే పోట్లాడుకోవాలని లోపలికెళ్ళాను.

"నాన్నా, నెట్ పీకించుకో. ఫోన్ లాక్కో. సిమెంటు కొట్లో మాత్రం కూర్చోను. నా పనిని రోగమంటే ఇకమీదట ఊరుకోను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నెట్ మానెయ్యాలని ఎప్పుడైనా ప్రయత్నించారా అని అడిగిందిరా. మొన్న ప్రయత్నించాను. ఫ్యామిలీ గ్రూపులో మీ మామయ్య నా మీద ఏం పెట్టాడో చూడకుండా మధ్యాహ్నం దాకా కూడా ఆగలేకపోయాను." గొంతు సవరించుకున్నాడు. "ఉండనీలే నెట్. నీది పనేగా."

నేను వానలోకి పరిగెత్తాను. ఆమె వీధి మలుపు దగ్గర దొరికింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"పని అయిపోయింది. రాను."

"పోనీ, నేను రావచ్చా?"

"సర్వేలో ఉన్నవాళ్ళతో పరిచయాలు పెంచుకోకూడదు. రూలు."

"సర్వేలో ఉన్నది మా నాన్న! నేను లేను. నన్ను రాయనని పోట్లాడింది మీరే!"

ఆమె నవ్వింది. వచ్చినప్పట్నుంచీ అదే మొదటి నవ్వు.

"మా నాన్నకి ఎదురు చెప్పినప్పుడే నచ్చారు మీరు," అన్నాను. "నాకు మార్కులు చెప్పనన్నప్పుడు ఇంకా నచ్చారు."

గొడుగు కాస్త నా వైపు జరిగింది.

"మా అమ్మ మిషను మూలపడి ఉంది. చూసినవాళ్ళంతా పాత ఇనుముకి వేసెయ్యమన్నారు. అమ్మ ఒప్పుకోవట్లేదు."

"ఫొటో పంపండి. దానికి పార్టు దొరికేదాకా నెట్ వదలను. వ్యసనం అనుకోకండి మరి."

"అనుకోను. నంబరు చెప్పండి."

వెనక మా ఇంటి కిటికీ తెరుచుకుంది.

"ఒరేయ్! గట్టిగా చెప్పరా, ఆ వానలో అమ్మాయికి వినపడొద్దూ!"

వీధి వీధంతా వినపడేలా చెప్పాను.