తిరుపతయ్య బొటనవేలు

రండి పిల్లలూ, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండి. ఆ గోడకు ఆనుకున్నోళ్లు కూడా రండి. సెల్లు చేతిలో ఉన్నవాళ్లు జేబులో పెట్టండి. ఈ కథ దాని గురించే.

బల్మూర్ దాటినాక ఎర్రచెలకల్లో తిరుపతయ్యకు ఒక బోరు, పల్లిచేను ఉండేవి. ఇంట్లో కూచునే సెల్లుతో మోటరు నడుపుకోవచ్చని ఆయన కొత్త డబ్బా ఒకటి తెచ్చి బిగించాడు. ఇంటర్ చదివే బిడ్డ సింధూజ దాని యాప్‌ను నాయిన సెల్లులోకి ఎక్కించింది. ముందుగా సన్నటి అక్షరాల ఒప్పందం వచ్చింది. కిందికి ఎంత జరిపినా ఒడవలేదు.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అన్నాడు తిరుపతయ్య.

"ఏముంటది నాయినా! అందరు ఒత్తేదే. నువ్వు గూడ ఒత్తు."

బొటనవేలు ఒత్తాడు. ముద్ర పడలేదు. పార పట్టి పట్టి వేలి గీతలు అరిగిపోయాయి. సింధూజ నవ్వుకుంటూ సబ్బుతో కడిగి, ఆ బొటనవేలును తానే పట్టుకుని అద్దానికి గట్టిగా అదిమింది. 'అంగీకరించారు' అని వచ్చింది.

చలికాలంలో తిరుపతయ్య గుండె ఆగి పోయాడు. చెలక గట్టునే బొందపెట్టారు. పల్లికి ఊడలు దిగే వేళ అది, నీళ్లు లేకుంటే పంట దక్కదు. మోటరేమో రోజూ తిరుపతయ్య వేలిముద్ర పడితేనే లేచేది; సింధూజ తల్లి రుక్కమ్మ వేలికీ లేవదు, సింధూజ వేలికీ లేవదు. ఇద్దరూ నాగర్‌కర్నూల్ పోయి, డబ్బా అమ్మిన కురుమూర్తిని అడిగారు.

"అది బావ పేరు మీదుంది అక్కా. ఇంకొకరికి మారదు. ఒప్పందంల గట్లనే ఉంది."

"సచ్చినోనికి గూడ షరతులేనా తమ్మీ?"

"బతికినోడు, సచ్చినోడు అని అండ్ల ఉండదక్కా."

"చదవనియ్యకుండ ఒత్తిపిచ్చుకుంటె అదేం ఒప్పందం మామా?" అంది సింధూజ.

"చదవొద్దని నేనన్ననా? ఇంటర్ చదివేది నువ్వా, నేనా?"

ఆ మాట సింధూజకు ముల్లులా దిగింది. డబ్బా పీకేసి నేరుగా తీగ కలుపుదామంటే, తాళం మోటరు లోపలే ఉందట.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. గూట్లో ఉన్న తిరుపతయ్య సెల్లు తనంత తానే వెలిగింది. 'అంగీకరించారు. తిరుపతయ్య.' దూరంగా చెలకలో మోటరు గుర్రుమంది.

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మీ నాయిన మనల్ని ఇడ్వలేదు బిడ్డా..."

రోజూ అదే వేళకు అదే తంతు. చేను పచ్చబడింది. కానీ సింధూజ నాయిన సెల్లును తీసినప్పుడల్లా అద్దం మీద తడిమట్టి ముద్ర. అప్పుడే తవ్విన మన్ను వాసన. తుడిస్తే పోయేది, మరునాడు మళ్లీ ఉండేది. రోజురోజుకూ ముద్ర సన్నబడింది. తర్వాత చర్మం ఆనిన గుర్తే లేదు. మొనదేలినదేదో గీరినట్టు... ఒక గాటు.

అప్పుడు చదివింది ఒప్పందం, మొదటిసారి. ఎక్కడో నడుమ ఒక వాక్యం. డబ్బా పనిచేసినన్నాళ్లు, పిలిచినప్పుడల్లా, ఒప్పుకున్న మనిషి వచ్చి ముద్ర వేయాలి. ఏ కారణంతోనూ ఈ బాధ్యత తీరదు.

"అమ్మా, నాయిన మన మీది ప్రేమతోని, పావురంతోని వస్తలేడు. రాక తప్పక వస్తుండు. రద్దు చేపిద్దాం."

రుక్కమ్మ గోడ వైపు తిరిగి, మెల్లగా అంది.

"ఇంకొక్క తడి బిడ్డా... కాయ గట్టిపడనీ."

గాటు కంటే ఆ మాటకే సింధూజ ఎక్కువ భయపడింది.

మరునాడు పొద్దుగూకుతుండగా సెల్లు పట్టుకుని ఒక్కతే చెలకకు పోయింది. కీచురాళ్లు ఆగిపోయాయి. మన్ను వాసన. డబ్బా వెనక ఎవరో ఆయాసపడుతున్నారు.

"నాయినా?"

"...వేలు లేదు బిడ్డా..."

నోటి నిండా మన్ను ఉన్నట్టు గొంతు.

"ఇదే ఆఖరు నాయినా. ఇగ నిన్ను పిలువరు."

'రద్దు' అన్నచోట నొక్కింది. తెర నిండా సన్నటి అక్షరాలు దిగాయి. చదివే ఓపిక ఎక్కడిది! కిందికి జరిపి, సెల్లును డబ్బా మీద పెట్టి, కళ్లు మూసుకుంది.

గీరిన చప్పుడు. ఆగింది. మళ్లీ గీరింది...

చల్లటిదేదో ఆమె చేయి పట్టుకుంది. ఆనాడు తాను పట్టినట్టే పట్టి, ఆమె బొటనవేలును అద్దానికి గట్టిగా అదిమింది.

కళ్లు తెరిచేసరికి ఎవరూ లేరు. 'రద్దయింది' అని ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో, 'అంగీకరించారు. సింధూజ.' ఆ తర్వాత మోటరు తిరగలేదు. పల్లిచేను ఎండిపోయింది. మోటరు, డబ్బా, సెల్లు అన్నీ పాత ఇనుములో పోయాయి.

సింధూజ ఇప్పుడు వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బాగానే ఉంది. దీపాలు పెట్టే వేళ మాత్రం, పుస్తకం ముందు కూచున్నా సరే, కుడి బొటనవేలికి తడిమట్టి అంటి ఉంటుంది. చెలకలోని ఎర్రమట్టి.

సరే, పొద్దుగూకింది. లేవండి, ఇండ్లకు పోయి తినండి. తినేముందు చేతులు కడుక్కోండి. కడిగే ముందు... వేలు ఒకసారి చూసుకోండి.