ఎడమ మూల విడిచిన సముద్రపు పువ్వు

పొద్దున తొమ్మిది గంటలకు వనపర్తిలో రాధమ్మ ఇంటి గడప ముందు నిలబడ్డ మనిషి చేతిలో సగం నిండిన నీళ్లసీసా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎవరో విషం పెట్టిన్రు మేడం. మనిషికి కాదు, నా అనిమోన్‌కు."

ముజీబ్ టైపు మిషన్ మీది నుంచి చేతులు తీశాడు. ఇదివరకు కోర్టు బయట అర్జీలు కొట్టి బతికినవాడు. 2007 నాటికి ఆ పనంతా కంప్యూటర్ల పాలై, ఇప్పుడు రాధమ్మ కేసుల రిపోర్టులు టైపు చేస్తున్నాడు. రాధమ్మ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఈ డిటెక్టివ్ పనిలోకి దిగిన మనిషి. ఎవరేం చెప్పినా సగం కళ్లు మూసుకుని వింటుంది. ఆ కళ్లు పూర్తిగా తెరుచుకునే క్షణం కోసం ముజీబ్ కాచుకుని ఉంటాడు.

వచ్చినాయన పేరు ఖాసిం, ఊరు గద్వాల. దుబాయ్‌లో అక్వేరియం దుకాణంలో పదిహేనేళ్లు పనిచేసి వచ్చి, ఇంటి ముందుగదిలో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాడు. ఆ తొట్టికి ప్రాణం కార్పెట్ అనిమోన్. చూడటానికి చాప పరిచినట్టున్న ఆకుపచ్చ పువ్వు, నిజానికి సముద్రపు జీవి. మూడేళ్ల కింద చెన్నై పోయి తెచ్చాడు.

"రంగు చూసి కొనలే మేడం. కొందరు రంగు ఎక్కిచ్చి అమ్ముతరు. నోరు గట్టిగ మూసుకుందా, అడుగు చినిగిందా అని చూసిన. వేలు పెడితే బంకలెక్క అంటుకుంది. అప్పుడు కొన్న. ఇప్పుడు ముట్టుకుంటే అంటుకుంటలేదు, నోరు తెరుచుకుంది."

"చేపలు?"

"చేపలకేం కాలే. గదే నా పరేషాన్."

రాధమ్మ కళ్లు తెరుచుకున్నాయి.

ఖాసింకు అనుమానం నవీన్ మీద. నాగర్‌కర్నూల్‌లో రంగుచేపల దుకాణం అతనిది. ఎనిమిదేళ్ల దోస్తానా. అనిమోన్‌ను హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు అమ్ముదామని నవీన్ అన్నాడు, ఈయన కాదన్నాడు, మాటా మాటా పెరిగింది. ఆ వారమే కష్టం మొదలైంది.

"వాని సంచిల నీలం సీసా చూసిన. చేపల రోగానికి వేసే రాగి మందు. చేప తట్టుకుంటది గని నత్త, రొయ్య, అనిమోన్ బతకయి. రేపు పోలీస్ స్టేషన్‌కు పోత."

"రేపు గద. ఇయ్యాల మేమొస్తం పద," అంది రాధమ్మ.

బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కినప్పుడు ముందుసీటులో ఒకావిడ కిటికీలోంచి చిల్లర పైస కృష్ణలోకి విసిరి, చేతులు కళ్లకద్దుకుంది. రాధమ్మ ఆమెనూ నదినీ మార్చి మార్చి చూసింది. ముజీబ్‌కు అందులో చూడాల్సిందేమీ కనిపించలేదు.

గద్వాలలో ఇల్లు చిన్నదే గాని తొట్టి మాత్రం నాలుగడుగులుంది. పైన తెల్లటి లైట్లు, అడుగున ఇసుక. అనిమోన్ కుడివైపు అద్దానికి ఆనుకుని, తడిగుడ్డ కుప్పలా ముడుచుకుపోయి ఉంది. దాంట్లో కాపురముండే నారింజరంగు చేప మాత్రం దాన్ని వదలకుండా చుట్టూ తిరుగుతోంది.

"ఈ పువ్వు ఎప్పుడూ ఈడనే ఉంటదా?" అంది రాధమ్మ.

జవాబు ఖాసిం భార్య అల్ఫియా ఇచ్చింది. "లేదమ్మా. మూడేండ్లు ఎడమ మూలనే ఉంది, జరంత గూడ కదలలే. మూడు వారాల కింద ఆ మూలకు రెండు నత్తలు సచ్చినయి. తర్వాత నడుమ ఉన్నయి గూడ సచ్చినయి. అప్పుడు ఇది మెల్లగ జరుక్కుంట ఇటొచ్చింది."

"నీళ్లెక్కడివి?"

"ఫిల్టర్ నీళ్లల్ల ప్యాకెట్ ఉప్పు కలుపుత," అన్నాడు ఖాసిం, గొంతు తగ్గించి. "ఊర్ల మాత్రం సముద్రం నీళ్లేనని చెప్పిన."

గది తుడిచే నర్సమ్మ బకెట్‌తో లోపలికి వచ్చింది. రాధమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంట్ల ఎవరెవరుంటరు నర్సమ్మా?"

"ఒక్కదాన్నే అమ్మా. కొడుకు తిమ్మప్ప మంగళూరు దిక్కు రేవు పనికి పోయిండు. ఆర్నెల్లాయె, ఒక్క కబురు లేదు."

"తొట్టి అద్దం నువ్వే తుడుస్తవా?"

"సోమవారం సోమవారం తుడుస్త."

రాధమ్మ పొద్దున్నే కబురు పెట్టించడంతో మధ్యాహ్నానికి నవీన్ వచ్చాడు. ఎవరూ అడగకముందే సంచిలోంచి రాగిని పట్టే పరీక్ష చుక్కలు తీసి, గ్లాసులోకి ముంచిన తొట్టి నీళ్లలో వేశాడు. నీళ్ల రంగు మారింది.

"రాగి ఉంది భాయ్," అన్నాడు, మొహం పాలిపోయి.

ఖాసిం అతని కాలర్ పట్టుకున్నాడు. ముజీబ్ విడదీశాడు. సంచిలో నీలం సీసా ఉంది, దాని మూతకు సీలు అట్లాగే ఉంది.

"ఇంకోటి తెచ్చి పోసుంటడు!" అని అరిచాడు ఖాసిం.

"అందరూ కూసోండ్రి," అంది రాధమ్మ. "నర్సమ్మా, నువ్వు గూడ."

ఆమె గొంతు పెంచకుండా, ల్యాబ్‌లో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది.

"మందు పోస్తే నీళ్లల్ల అంతట కలుస్తది. నత్తలు అన్ని మూలల ఒక్కపారే సస్తయి. ఈడ గట్ల కాలే. ముందు ఎడమ మూల, తర్వాత నడుమ. మూడేండ్లు కదలని జీవి ఆ మూల విడిచి పారిపోయింది. అంటే రాగి పోసింది కాదు, ఆ మూల కూసోని కొంచెం కొంచెం కరుగుతుంది. ఇగ నవీన్ సంగతి. విషం పెట్టినోడు ఆ విషాన్ని పట్టే చుక్కలు తనే తెచ్చి ఇయ్యడు. చంపాలనుకున్నోళ్లు మూడు వారాలు ఆగరు గూడ. ఇది పగ తోటి చేసింది కాదు, మొక్కుకొని చేసింది. ఖాసిం భాయ్, ఎడమ మూల ఇసుకల చెయ్యి పెట్టి చూడు."

ఖాసిం మోచేతి దాకా ముంచాడు. చెయ్యి బయటికి వచ్చినప్పుడు అరచేతిలో పచ్చగా చిలుము పట్టిన మూడు రాగి పైసలున్నాయి. నిజాం కాలంవి.

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది.

"మా అత్త పెట్టెలవి. గంగకు రాగి పైసనే వెయ్యాలంటరు. మూడు సోమవారాలు మూడు వేసిన. సముద్రమంత ఒక్కటే గద సాబ్? ఈడేస్తే నా కొడుకున్న కాడికి ముడుతదనుకున్న. పువ్వు సస్తదని తెల్వదు. నా పాణం తీస్కో."

ముజీబ్ తలెత్తి చూస్తే, ఖాసిం మొహంలో కోపం ఎటో పోయింది. మిగిలింది సిగ్గు.

"అది సముద్రం కాదు నర్సమ్మా," అన్నాడు చాలా మెల్లగా. "ప్యాకెట్ ఉప్పు. గొప్పకు నేనే గట్ల చెప్పుకున్న." తర్వాత నవీన్ వైపు తిరిగాడు. తను నలిపిన కాలర్‌ను చేత్తో సరిచేయబోయాడు.

"తర్వాత మాట్లాడుకుందం," అన్నాడు నవీన్, చొక్కా చేతులు మడుచుకుంటూ. "ముందు కొత్త నీళ్లు కలుపు. అడుగు చినగకుండ దీన్ని తియ్యాలె."

ఇద్దరూ పొద్దుగూకేదాకా కలిసి పనిచేశారు. అనిమోన్‌నూ దాని చేపనూ పెద్ద టబ్బులోకి మార్చారు. అది తేరుకోవటానికి నెల పట్టింది. ఒక అంచు మాత్రం తెల్లగానే మిగిలిపోయింది.

తిరుగు బస్సులో ముజీబ్ అడిగాడు. "రిపోర్టుల ముద్దాయి పేరు కాడ ఏం కొట్టాలె మేడం?"

"రిపోర్టు తర్వాత. ముందొక ఉత్తరం కొట్టు. మంగళూరు రేవు పని చేపిచ్చే ఆఫీసుకు. తిమ్మప్ప, తండ్రి పేరు, ఊరు, వయసు. ఇంగ్లీషుల ఒకటి, కన్నడంల ఒకటి రాయిద్దం. ఖాసిం ఇంటి ఫోన్ నంబర్ పెట్టు."

పదహారు రోజులకు జవాబు వచ్చింది. మనిషి ఉన్నాడు. కాలు విరిగి నాలుగు నెలలు దవాఖానలో పడుకుని, తల్లికి చెప్పలేక ఊరుకున్నాడు. ఆదివారం పదకొండు గంటలకు ఫోన్ చేయిస్తామని రాశారు.

ఆ ఆదివారం రాధమ్మ, ముజీబ్ కూడా గద్వాల వెళ్లారు. పదకొండు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. నర్సమ్మ రిసీవర్ తలకిందులుగా పట్టుకుంటే అల్ఫియా సరిచేసింది.

అవతల గొంతు వినగానే నర్సమ్మ తిట్లు అందుకుంది. "సచ్చినోడా, నీకు తల్లి యాదికి లేదారా, నోరు పడిపోయిందారా" అని ఊపిరి తీసుకోకుండా తిట్టింది. ముజీబ్ తన జన్మలో కోర్టు బయట కూడా అన్ని తిట్లు వినలేదు.

తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. అవతలివాడు ఏదో చెప్తున్నాడు. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా నేలమీద కూర్చుంది.

"ఏ కాలురా?" అంది.

ఖాసిం లేచి, అందరినీ సైగచేసి బయటికి పిలిచి, తలుపు దగ్గరికి వేశాడు.