తాళం తీయని చెయ్యి

అఫ్జల్‌గంజ్‌లోని డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి ఫరీహా వచ్చింది. రేపటితో తన ఉద్యోగం ఊడుతుందని, పైగా ద్రోహి అన్న మచ్చ మిగిలిపోతుందని చెప్పింది. డిటెక్టివ్ ఆండాలు వింటుంటే అసిస్టెంటు అంజన్ రాసుకున్నాడు.

ఫరీహా పనిచేసే పరిశోధనశాల ఫలక్‌నుమాలో ఉంది. షుగరు వ్యాధికి మందుగా, ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఎలుకలకు అమర్చి చూస్తున్నారు. ఒళ్లు వాటిని పరాయివని చంపేస్తుంది గనక, మందు మోసే ఇనుప నానో రేణువులను కాపలాగా పెడతారు. ఫ్రిజ్‌లో పెట్టిన ఆ రేణువుల సీసాలన్నీ పాడయ్యాయి. ఫ్రిజ్ తాళంచెవి ఒక్కటే ఉంది, అదీ ఫరీహా దగ్గరే.

వెళ్లి చూస్తే, తలుపు అరలోని సీసాల్లో నీరు తేటగా ఉంది. గోధుమరంగు మడ్డి అడుగున కాక, ఒక పక్కగోడకే అంటుకుంది. ఎవరో విషం కలిపారని అంజన్ తేల్చేశాడు. ఆండాలు నవ్వి తలుపు మూసింది. తలుపుకు వేలాడే చార్టు దగ్గర, ఆమె గాజులకున్న పిన్నీసులు అటువైపు లేచి నిలిచాయి. అంజన్ అది చూశాడు గానీ పట్టించుకోలేదు.

తలుపు సరిగా పడడం లేదని అటెండరు షఫీఉద్దీన్ రెండుసార్లు చెప్పినా, తీరిక లేక మెకానిక్‌ను పిలవలేదని పెద్ద డాక్టర్ సోమశేఖర్ ఒప్పుకున్నాడు. షఫీఉద్దీన్ సాయంత్రాలు తమ్ముడి దుకాణంలో స్పీకర్లు బాగుచేస్తాడట. మధ్యాహ్నం మాత్రం కూతురికి ఇన్సులిన్ సూది వేయడానికి ఇంటికెళ్తాడట.

ఆండాలు అందర్నీ ఫ్రిజ్ ముందుకు పిలిచింది.

"తాళం ఎవరూ తియ్యలే, డాక్టర్ సాబ్. తియ్యాల్సిన పని కూడా లేకుండె," అంటూ చార్టు ఎత్తింది. తలుపు అంచున, సగం తలుపు మీద, సగం పెట్టె మీద నల్లటి అయస్కాంతం ఉంది. "స్పీకర్ల నుంచి తీసింది. లోపలున్నయి ఇనుప రేణువులాయె. బయటి నుంచే గుంజితే ముద్ద కట్టినయి."

షఫీఉద్దీన్ తల వంచుకున్నాడు.

"తలుపు సందుల నుంచి చల్లదనం పోతుండె. మందు ఖరాబైతదని పెట్టిన మేడమ్. పాపకు పదేండ్లు. ఈ మందు ఎప్పుడొస్తదా అని చూస్తున్నం."

అరవబోయిన సోమశేఖర్ ఫోను తీసి మెకానిక్ నంబరు వెతికాడు. అంజన్‌కు అతని మీద కోపం, షఫీఉద్దీన్ మీద జాలి ఒక్కసారే కలిగాయి. ఫరీహా తన మచ్చ తొలగిన సంగతి కూడా మరిచి, అయస్కాంతాన్ని మెల్లగా ఊడదీసింది.

"మళ్ల తయారు చెయ్యనీకి ఎన్ని దినాలు పడ్తది బేటా?" అడిగాడు షఫీఉద్దీన్.

"మూడు నెలలు, చాచా. అదీ ఎలుకలకే."

రోజుకు మూడు చొప్పున అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఇంక రెండువందల డెబ్బై సూదులు ఎక్కువ," అన్నాడు.