బయట వేసిన తాళం

పిల్లి మారిపోయాడంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. అడుగు చప్పుడు లేకుండా కొంపల్లో దూరేవాడు గనక ఆ పేరు వచ్చింది. అలాంటివాడు దొంగతనాలూ, తాగుడూ మానేసి, బుద్ధిగా లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మింది అక్క ఒక్కతే, అదీ ఒక కన్ను తెరిచే ఉంచి. ఆ సాయంత్రం ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్తూ, మొదటిసారి ఇంటి తాళం, చెవి వాడి చేతిలో పెట్టింది.

"పాప నిద్రపోతోంది. జాగ్రత్త. మందు వాసన వచ్చిందా, ఇక ఈ గడప తొక్కనివ్వను."

"నీ మీద ఒట్టక్కా" అన్నాడు.

కాసేపటికి వాన మొదలైంది. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక్క పరుగున వెళ్ళి, అన్నీ చంకన పెట్టుకుని దిగొచ్చి చూస్తే, తలుపుకి తాళం.

వేసింది తనే. పాత అలవాటు. అప్పట్లో జతగాడు పొట్టోడు లోపలికి దూరగానే పిల్లి బయట తాళం వేసేవాడు. కాపలావాడు తాళం చూసుకుని నిశ్చింతగా వెళ్ళిపోయేవాడు. పనయ్యాక పొట్టోడు లోపలి నుంచి గోటితో తలుపు గీకేవాడు. ఒకసారి అలాగే గోదాముకి తాళం వేసి, కాసేపేగా అని సారా కొట్టుకి వెళ్ళాడు పిల్లి. తాగి ఒళ్ళు తెలియకుండా పడిపోయాడు. తెలివొచ్చేసరికి గోదాము కాలి బూడిదైంది, లోపల పొట్టోడితో సహా. మళ్ళీ గ్లాసు ముట్టలేదు.

"పాడు చెయ్యి" అని తిట్టుకుంటూ చెవి పెట్టాడు. తిరగలేదు.

లోపల... గీకుతున్న చప్పుడు.

"పాపా?"

తలుపు సందులోంచి పొగ వాసన... దాని వెనకే సారా కంపు.

"తియ్యరా పిల్లీ... వేడిగా ఉంది..."

అది పొట్టోడి గొంతు.

"మావయ్యా" అంది పాప, నిద్రమత్తుగా. "ఇక్కడ ఇంకో మావయ్య ఉన్నాడు."

"తలుపు దగ్గరికి రా తల్లీ!"

"రానివ్వట్లేదు."

పిన్నీసుతో ఎన్నో తాళాలు తీసిన వేళ్ళు... ఇప్పుడు చెవిని కూడా పట్టుకోలేకపోయాయి. భుజంతో గుద్దాడు. అరిచాడు. వాన హోరులో ఎవరికీ వినపడలేదు. చివరికి గడప ముందు కూలబడ్డాడు.

"తప్పు నాదిరా... నన్ను తీసుకుపో... పసిది, దాన్ని వదిలెయ్యి..."

అక్క తిరిగొచ్చేదాకా అక్కడే ఏడుస్తూ కూర్చున్నాడు. ఆమె చెవి లాక్కుని పెట్టింది. తాళం ఇట్టే ఊడింది. తలుపు తీయగానే సారా కంపు గుప్పుమంది. పాప మంచం మీద నిద్రపోతోంది.

"పిల్లని లోపల పెట్టి తాళం వేసి తాగావట్రా?"

"తాగలేదక్కా! లోపల వాడున్నాడు. నన్ను చెప్పుతో కొట్టు, ముందు పాపని తీసుకుని బయటికి రా!"

"ఇంక నీ మొహం చూపించకు." తలుపు మూసి, లోపల గడియ పెట్టేసింది.

వాడు కిటికీ దగ్గరికి పరుగెత్తి అద్దం మీద బాదాడు. అక్క చెవులు మూసుకుని, మంచానికి వీపు పెట్టి ఏడుస్తోంది. ఆమె వెనక పాప మెల్లగా లేచి కూర్చుంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఎవరో పట్టి లేపినట్టు, ఒక చెయ్యి గాల్లోకి లేచి ఉంది.

ఆ చిన్న మణికట్టు చుట్టూ, వేళ్ళ అచ్చులు పడి, మసి.