రాని నెలలో అమ్మిన పరుపులు

"హ్యాపీ బర్త్‌డే అండీ," అంటూ కేకు డబ్బా ఆమె టేబుల్ మీద పెట్టాడు అతను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనకాల ఎవరూ లేరు.

"ఎవరిది?"

"మీదే. ఇవాళ ఏప్రిల్ ఎనిమిది కదా."

"నా పుట్టినరోజు ఆగస్టు నాలుగు."

బయట వాన దంచికొడుతోంది. కేకు తడవకూడదని తాను నిలువునా తడిసి వచ్చాడు పాపం. జుట్టులోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"అయినా ఈ తేదీ మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు, అతనే చూశాడు.

అది పరుపుల కంపెనీ. షాపుల్లో రాసే బిల్లులన్నీ ఒక పాత డేటాబేస్‌లోకి ఎక్కుతాయి. హెడ్డాఫీసులో అన్ని షాపుల లెక్కలూ ఒకచోట చేర్చే డేటా వేర్‌హౌస్ అని ఇంకోటుంది. దాని సిస్టమ్ వేరు, పద్ధతులు వేరు. ఇందులోంచి అందులోకి రోజూ కాపీ చేసే ప్రోగ్రాము అతనిది. ఎవరెంత అమ్మారో తేల్చడానికి స్టాఫ్ వివరాలు కూడా దాంతోపాటే వెళ్తాయి. అక్కణ్ణుంచి లెక్కలు తీసి రిపోర్టులు చెయ్యడం ఆమె పని. మధ్యలో వేర్‌హౌస్‌లోంచి ఆమె పుట్టినతేదీ తీసి చూడటం మాత్రం ఎవరి పనీ కాదు.

"నాలుగు, ఎనిమిది. ఎనిమిది, నాలుగు," అని గొణుక్కుంది ఆమె.

ఆమె ఇంకేదో అనబోయేలోపే అతనికి అర్థమైపోయింది. తేదీ రాసేటప్పుడు షాపుల సిస్టమ్‌లో రోజు ముందుంటుంది, వేర్‌హౌస్‌లో నెల ముందుంటుంది. తన ప్రోగ్రాము రెండింటినీ తారుమారు చేస్తోంది. పన్నెండు దాటిన తేదీలు మాత్రం సరిగ్గానే వస్తున్నాయి, పదమూడో నెల లేదు కాబట్టి. అందుకే ఇన్నాళ్లూ ఈ తప్పు ఎవరికీ దొరకలేదు.

ఎవరికీ అంటే అబద్ధమే. పోయిన నెల ఆమె అతని దగ్గరికొచ్చి అడిగింది.

"ఇంకా రాని నెలల్లో కూడా అమ్మకాలు కనిపిస్తున్నాయండీ. ఒకసారి మీ వైపు చూస్తారా?"

ఆమె దగ్గరికొస్తే అతనికి మాట తడబడుతుంది. ఆ తడబాటు కప్పుకోవడానికి గొప్పలకి పోయాడు.

"అడ్వాన్స్ బుకింగులు అయుంటాయి."

"పరుపులకా?"

"నిద్ర విషయంలో ముందుచూపున్నవాళ్లు ఉంటారండీ. నా కాపీలో తప్పుండదు. మీ ఫార్ములాలు చూసుకోండి."

మర్నాడే మీటింగులో, షాపుల లెక్కలతో రిపోర్టు కలవలేదని మేనేజర్ ఆమెను అందరిముందూ నిలబెట్టి కడిగేశారు. అతను కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఇవాళ మధ్యాహ్నం మీటింగులో ఆమె పని ఇంకొకరికి అప్పగిస్తారని ఆఫీసంతటికీ తెలుసు. పుట్టినరోజు నాడు పాపం కాస్త ఓదార్పుగా ఉంటుందనే అతను కేకు తెచ్చాడు. అది తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"తప్పు నాదండీ," అన్నాడు.

"తేదీల తప్పా, నా వివరాలు చూసిన తప్పా?"

"రెండూ."

ఆమె డబ్బా మూత కూడా తియ్యకుండా పక్కకి జరిపింది. "మధ్యాహ్నం ఏం చెప్తారో మీ ఇష్టం. నేను మాత్రం మిమ్మల్ని బతిమాలను."

అతను మెట్ల దగ్గరికెళ్లి అక్కకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"రొటీన్ చెకింగులో దొరికిందని చెప్పేస్తానక్కా. ఆమె బయటపడుతుంది, నా పరువూ దక్కుతుంది."

"మరి ఆ అమ్మాయి అడిగినప్పుడు ఎందుకు చెక్ చెయ్యలేదంటే?"

అతను మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, దొంగచాటుగా చూడటం వచ్చినవాడివి, దొరలా ఒప్పుకోవడం కూడా నేర్చుకో. ఉద్యోగం పోతే అన్నం నేను పెడతాలే," అని అక్క ఫోన్ పెట్టేసింది.

మీటింగులో మేనేజర్ ఆమె వైపు తిరిగేలోపే అతను లేచాడు. తేదీల సంగతంతా చెప్పాడు. ఆమె ముందే అడిగిందనీ, తానే చూడకుండా కొట్టిపారేశాననీ చెప్పాడు.

"మరి ఇప్పుడెలా దొరికిందయ్యా?" అన్నారు మేనేజర్.

"చెకింగులో..."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపుకి అబద్ధం అతని నోట్లోనే ఆగిపోయింది.

"కాదు సార్. స్టాఫ్ వివరాల్లో ఆవిడ పుట్టినరోజు చూశాను. అది తప్పొచ్చింది."

"ఆవిడ పుట్టినరోజుతో నీకేం పని?"

"పని కాదు సార్. ఇష్టం."

మూలన ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది. అయ్యో, ఆమెని మళ్లీ అందరిముందూ నిలబెట్టానే అని అతనికి తల కొట్టేసినట్టయింది. మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ముందు ఆమెకి క్షమాపణ చెప్పారు. రిపోర్టులు ఆమె దగ్గరే ఉంటాయన్నారు. అతనికి మెమో ఇచ్చి, స్టాఫ్ వివరాలు ఇక చూడనివ్వద్దన్నారు.

సాయంత్రం క్యాంటీన్‌లో ఓ మూల తల వంచుకుని కూర్చుంటే, ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇష్టమని నాకు చెప్పకుండా మేనేజర్ గారికి చెప్పారేంటి?"

"మీకు చెప్పడానికి ముఖం చెల్లలేదండీ."

"ఇకమీదట నా గురించి ఏం తెలుసుకోవాలన్నా నన్నే అడగండి. దొంగతనంగా చూడకండి."

అతను మెల్లగా అడిగాడు. "ఆ రోజు మీటింగ్ అయ్యాక ఏడ్చారా?"

ఆమె ఈ ప్రశ్న ఊహించలేదు. గ్లాసు మీది తడిని వేలితో తుడుస్తూ కూర్చుంది.

"ఇంటికెళ్లేదాకా ఆపుకున్నాను. మా అమ్మ తలుపు తీసీ తియ్యగానే ఏడ్చేశాను."

అతని కళ్లు నిండిపోయాయి. పొద్దుట కేకు డబ్బా పక్కన నిలబడినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

ఆమె అది చూసి, "ఆదివారం మా ఇంటికి రండి," అంది.

"ఎందుకండీ?"

"మా అమ్మ మిమ్మల్ని తిట్టాలి. ఆవిడ తిట్టేదాకా నేను నా ఇష్టం సంగతి చెప్పను."

"వస్తాను. ఎంతసేపు తిడతారు?"

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది కానీ, ఆగలేదు.

"భోజనం వేళకి ఆపేస్తుందిలెండి."